మూడు వందల మందికి మసాలా భాత్

మూడు వందల మందికి మసాలా భాత్ వండాలంటే ఎంత బియ్యం పడతయని మా వాడల నన్ను అడగనోళ్ళు లేరు. పెండ్లిళ్ళకు కాదు, పెండ్లిళ్ళకు ఇప్పుడు అందరూ కేటరింగు వాళ్ళనే పిలుస్తున్నరు. వాస్తుశాంతికి, పిల్లకు పేరు పెట్టే దినానికి, గణపతి మండలి భోజనానికి అడుగుతరు. నోటితో చెప్తే మర్చిపోతున్నం, రాసియ్యి మామా అన్నరు. నేను చదివింది నాలుగో తరగతి, అది గూడ తెలుగు బడిల. తప్పులుంటే పత్రికవాళ్ళు దిద్దుకుంటరనే ధైర్యంతో రాస్తున్న. ఉత్త లెక్క ఒక్కటే రాద్దామని కూసున్న. కాని ఆ వంట మేము మళ్ళా ఎందుకు మొదలు పెట్టినమో చెప్పకుంటే లెక్క సగమే అయితది.

మాది సోలాపూర్ తూర్పు భాగం. మా తాతలు కరీంనగర్ దిక్కు నుంచి మగ్గం పని ఇడిసిపెట్టి ఈడికొచ్చిన్రు. ఈ ఊర్ల మొదటి గిర్ని 1877ల పెట్టిన్రు, దాన్నే అందరూ జూనీ గిర్ని అంటరు. దాని వెనుక ఇంకా గిర్నీలు లేచినయి, మనోళ్ళు రైలెక్కి రావుడు మొదలైంది. నేను పని చేసిన గిర్ని మూతపడి చానా ఏండ్లైంది. దాని పేరు ఈడ ఎందుకు? మూతపడ్డంక కొందరు టవళ్ళ కార్ఖానాలకు పోయిన్రు, కొందరు భివండి పోయిన్రు, కొందరు రిక్షా పట్టిన్రు. చెల్లాచెదురైనం గాని ఏడాదికి ఒక్కసారి కలుస్తం. శ్రావణ పున్నమికి మార్కండేయ స్వామి రథం ఊరేగుతది గద, ఆ పండుగకు భివండి నుంచి, ముంబై నుంచి, పూణె నుంచి ఎట్లా చుట్టాలు వస్తరు. ఆ తర్వాత వచ్చే ఆదివారం మా గిర్ని వాళ్ళ కుటుంబాలన్నీ ఒక్క దగ్గర కూడి తింటయి. శ్రావణం కాబట్టి మాంసం ముట్టం. అందుకే మసాలా భాత్.

మసాలా భాత్ మన తెలంగాణ వంట కాదు. మా అమ్మకు తెలిసింది జొన్న రొట్టె, గటక, అంబలి, పండుగైతే బగారా అన్నం. మసాలా భాత్ మరాఠీ వాళ్ళ పెండ్లి వంట. మా చాళ్ళ ఒక గోడకు అవతల మరాఠీ వాళ్ళు, ఇవతల కన్నడం వాళ్ళు, ఎదురుంగ ముసల్మాన్లు ఉండేటోళ్ళు. ఎవరింట్ల ఏం ఉడుకుతుందో వాసనకే చెప్పేటోళ్ళం. ఇప్పుడు మేము చేసే భాత్‌ల గోడా మసాలా మరాఠీ వాళ్ళది, పుదీన, షాజీర బగారాల నుంచి వచ్చినయి, పక్కన పెట్టే పచ్చిపులుసు మనది. మరాఠీ వాళ్ళు దీనికి మఠ్ఠా తాగుతరు. పచ్చిపులుసు పోసుకునేది మేమొక్కలమే. వాళ్ళు నవ్వుతరు, నవ్వుకుంట రెండోసారి పోయించుకుంటరు.

నాకు ఈ వంట నేర్పింది బాయిలర్ ఖాతాల పని చేసిన ఒక తాత. నిప్పు సంగతి ఆయనకు తెలిసినట్టు ఇంకెవ్వరికీ తెల్వది. నాది సైజింగు ఖాతా. చిన్న పిల్లల కోసం చెప్తున్న: పడుగు నూలు మగ్గం ఎక్కే ముందు గంజి తాగాలె. పెద్ద తొట్టిల మక్క పిండి, చింతగింజల పొడి, ఇంత కొవ్వు వేసి ఆవిరితో ఉడికించేటోళ్ళం. ముందు చల్లని నీళ్ళల్ల పిండి మంచిగ కలిపినంకనే ఆవిరి ఇడవాలె, లేకుంటే ఉండలు కడతది. గంజి పలుచనైతే నూలు మగ్గం మీద తెగుతది. చిక్కనైతే పుల్ల లెక్క బిరుసై అప్పుడూ తెగుతది. రెండు తీర్లా నేసేటోడు మా ఖాతాకొచ్చి తిట్టిపోతడు. వేలు మీద ఒక చుక్క పట్టి చూసి, అది జారే తీరును బట్టి సరైందా లేదా చెప్పేది నా పని. ఇరవై ఏండ్లు అదే చేసిన. పెద్ద గిన్నె గుణం నాకు ఆడనే తెలిసింది. ఇంటి గిన్నెను వందతోని గుణిస్తే పెద్ద గిన్నె లెక్క రాదు. దాని వేడి వేరే, దాని నీళ్ళు వేరే.

ఇగ సంగతికొస్త. మూడేండ్ల కింద మా కమిటీల కొందరు, ముసలోళ్ళైన్రు, పొయ్యి కాడ ఎవరు నిలబడతరు, ఈసారి కేటరింగుకు ఇద్దామన్నరు. ఆ మాటలైనప్పుడు నేను లేను, భివండిల బిడ్డ ఇంటికి పోయిన. వచ్చేసరికి బయానా ఇచ్చేసిన్రు. ప్లేటుకు 180 రూపాయలు. ఎవరి ప్లేట్ల డబ్బులు వాళ్ళు ముందే కట్టి చిట్టీ తీసుకోవాలె. తిండి మంచిగనే ఉండె, అబద్ధమెందుకు. రెండు తీర్ల కూరలు, పూరీలు, గులాబ్‌జామ్. గేటు కాడ ఒక పిలగాడు నిలబడి చిట్టీ తీసుకొని ప్లేటు ఇస్తుండె. మూడు వందల మంది కూడే కాడ నూట నలభై మంది వచ్చిన్రు. వానకు రాలేదు అన్నరు కమిటీ వాళ్ళు. శ్రావణంల వాన పడని ఏడు ఏది?

మా ఖాతాల నాకంటే పెద్దాయన ఒకాయన ఉండె, ఇప్పుడు లేడు. ఆయన భార్యను నేను వదినా అని పిలుస్త. ఇద్దరు కోడండ్లు, ఇద్దరు మనుమలు, ఆమె, మొత్తం అయిదుగురు. ఆడోళ్ళు ముగ్గురూ బీడీలు చుడతరు. వదిన ఆ ఏడు రాలేదు. ఎందుకు రాలేదే అని అడిగితే మోకాళ్ళ నొప్పులయ్యా, అంత దూరం నడువలేను అన్నది. నేను సరే అనుకున్న. రెండు దినాలకు చూస్తే బీడీల గంప నెత్తిన పెట్టుకొని కార్ఖానాకు పోతున్నది. అది మా హాలు కంటే రెండింతల దూరం. అయిదు ప్లేట్లకు తొమ్మిది వందలు. ఆమె మోకాళ్ళ సంగతి నాకు అప్పుడు సమజైంది.

తర్వాత ఏడు మీటింగుల నేను లేచి, పొయ్యి పెడదాం, నేను నిలబడత అన్న. పూణెల కంపెనీల పని చేసే పిలగాండ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి ఉండిరి, మంచి పిలగాండ్లు. మామా, నీకెందుకు కష్టం, ఎవరికి చేతకాదో వాళ్ళ ప్లేట్ల డబ్బులు మేము కడతం అన్నరు. వాళ్ళ మనసు మంచిదే. నేను ఒకటే అడిగిన: ఎవరెవరికి కట్టాల్నో పేర్లు రాయాలె గదరా, ఆ కాయితం ఎవరు రాస్తరు? ఎవ్వరూ మాట్లాడలే. ఆ కాయితంల మొదటి పేరు ఎవరిదో అందరికీ ఎరుకే. రాసే చెయ్యి మాత్రం ఎవరికీ లేదు.

మా తాతల దినాలల్ల ఇంటింటికి పిడికెడు బియ్యం జమ చేసేటోళ్ళు. నూరిండ్ల బియ్యం ఒక్క గంజుల పడేది. దాంట్ల ఒక చిక్కుంది, వండేటోనికే తెలుస్తది. ఒకరిది పాత బియ్యం, ఒకరిది కొత్తయి, ఒకరిది రేషనుయి, ఒకరిది మంచి సన్నయి. అన్నీ కలిపి మసాలా భాత్ చేస్తే కొన్ని మెతుకులు ముద్దైతయి, కొన్ని పలుకుగ ఉంటయి. బాయిలర్ తాత దానికి ఉపాయం చెప్పిండు. జమైన బియ్యంతో బెల్లం వేసి పరమాన్నం చెయ్యాలె. పరమాన్నంల బియ్యం ఎంత మెత్తగైతే అంత మంచిది, ఎవరి బియ్యం ఏదో నాలుకకు తెల్వది. భాత్‌కు మాత్రం బియ్యం ఒక్క దుకాణంల ఒక్క తీరువి కొనాలె. అట్లనే చేసినం. పైసలున్నోళ్ళు బియ్యానికి, నూనెకు, మసాలాకు ఇచ్చిన్రు. లేనోళ్ళు పిడికెడు బియ్యం తెచ్చిన్రు. పైసలిచ్చినోళ్ళు గూడ పిడికెడు బియ్యం తేవాల్నని నేను పట్టు బట్టిన. చిట్టీలు లేవు, పేర్లు రాసిన కాయితం లేదు. ఉల్లిగడ్డ కోసినోళ్ళు, ఎల్లిపాయ ఒలిసినోళ్ళు, కట్టెలు మోసినోళ్ళు, అందరిదీ పాలే.

ఇగ లెక్క. మూడు వందల మందిల పిల్లలు, ముసలోళ్ళు కలిసి ఉంటరు. భాత్ ఒక్కటే ముఖ్యమైనప్పుడు కిలో బియ్యం ఏడెనిమిది మందికి వస్తది. అంటే 40 కిలోలు. ఒక్క గంజుల 40 కిలోలు వెయ్యొద్దు, అడుగు మాడుతది, పైన పలుకుతది. ఇరవై, ఇరవై చేసి రెండు గంజులు, రెండు పొయ్యిలు పెట్టాలె. 20 కిలోల బియ్యానికి నూరు లీటర్లు పట్టే గంజు కావాలె, ఇంకా చిన్నదైతే కలపరాదు.

ఒక్క గంజుకు చెప్తున్న: నూనె రెండున్నర కిలోలు. ఉల్లిగడ్డ 5 కిలోలు. అల్లం కిలో, ఎల్లిపాయ కిలో, నూరుకోవాలె. పచ్చిమిరప అర కిలో, మీ మిరప కారం చూసుకొని. ఆలుగడ్డ 5 కిలోలు, దొండకాయ 4, వంకాయ 3. బటానీలు ఎండువి కిలోన్నర, ముందు రాత్రి నానబెట్టాలె. శ్రావణంల పచ్చి బటానీ మంచిది దొరకదు, దొరికినా ధర మండుతది. గోడా మసాలా అర కిలో. దాంట్ల ధనియాలు, ఎండు కొబ్బరి, నువ్వులు, లవంగం, దాల్చిన చెక్క అన్నీ ఉంటయి గాని రాతిపువ్వు లేకుంటే అది గోడా మసాలా కాదు. నల్లగ ఎండిన పూవులాగ ఉంటది, నూనెల వేగితేనే వాసన ఇస్తది. కొత్తిమీర, పుదీన ఎన్ని కట్టలైనా ఎక్కువ కాదు. పచ్చి కొబ్బరి తురుము మీద చల్లడానికి. జీడిపప్పు ఉంటే మంచిదే, మేము వెయ్యం, పల్లీలు వేస్తం. సోలాపూరోళ్ళం, పల్లీలు లేకుంట ఏది తిన్నం?

నీళ్ళు చాలా మంది చెడగొట్టే కాడ. ఇంట్ల గ్లాసు బియ్యానికి రెండు గ్లాసులు పోస్తరు. ఇరవై కిలోలకు అదే లెక్కన పోస్తే జావైతది. చిన్న గిన్నెల పోసిన నీళ్ళల్ల మంచి భాగం ఆవిరై పోతది. పెద్ద గంజుల బియ్యం ఎక్కువ, నోరు తక్కువ, ఆవిరి పోవుడు తక్కువ. మీద కూరగాయల నీళ్ళు వేరే వస్తయి. అర గంట నానిన బియ్యమైతే కొలతకు కొలతన్నర చాలు. 20 కిలోలకు పన్నెండు లీటర్ల బకెట్లు మూడు. కొత్త బియ్యమైతే ఒక చెంబు తగ్గించాలె. ఆ నీళ్ళు పక్క పొయ్యి మీద మసిలి ఉండాలె. చల్లని నీళ్ళు పోస్తే గంజు మళ్ళా కాగే వరకు బియ్యం గోరువెచ్చని నీళ్ళల్ల నాని పగులుతది. గంజి ఖాతాల ముందు చల్లని నీళ్ళు, ఈడ వేడి నీళ్ళే, తేడా చూసుకోండ్రి.

వరుస ఇట్ల: నూనె కాగినంక షాజీర, లవంగం, బిర్యానీ ఆకు. ఉల్లిగడ్డ ఎర్రగైనంక అల్లం ఎల్లిపాయ, పచ్చి వాసన పోయే వరకు. తర్వాత ఆలుగడ్డ, దొండకాయ. దొండకాయ మొండిది, ముందు పడాలె. వంకాయ ఆఖరికి, లేకుంటే కనపడకుంట కరుగుతది. కోసిన వంకాయ ఉప్పు నీళ్ళల్ల ఉండాలె, నల్లబడదు. మసాలా, పసుపు, కారం వేసి, నానిన బియ్యం నీళ్ళు వంచి వేసి, నాలుగైదు నిమిషాలు అడుగు నుంచి మెల్లగ తిప్పాలె. ప్రతి గింజకు నూనె అంటాలె. అప్పుడు మసిలే నీళ్ళు. ఉప్పు అర కిలో వేసి ఆ నీళ్ళు నాలుక మీద వేసుకొని చూడుండ్రి. చారు కంటే ఒక పిసరు ఉప్పెక్కువ అనిపించాలె. బియ్యం తాగినంక సరైతది. చాలకుంటే అప్పుడే వేసుకోవాలె, తర్వాత వేసిన ఉప్పు కలువది.

నీళ్ళు బియ్యం సమానమై, పైన బొంగరాలు పడ్డట్టు సన్నని గుంటలు లేస్తయి. అదే సమయం. కట్టెలు గుంజెయ్యాలె, కింద నిప్పులు మాత్రం ఉండాలె. తడి బట్ట పరిచి మూత పెట్టి, మూత మీద నాలుగు పారల నిప్పులు. ఇరవై అయిదు నిమిషాలు. ఎవరు వచ్చి, ఒకసారి మూత తీసి చూడరాదా అన్నా తియ్యొద్దు. గంజు కాడ చెవి పెడితే కిందికెల్లి చిటచిట వినబడతది. చిటచిట వినబడినంత సేపు పర్వాలేదు, వాసన మారితే మాత్రం నిప్పు తియ్యాలె. ఇది బాయిలర్ తాత మాట: కండ్లతోని కాదురా, చెవులతోని వండాలె. దించినంక పది నిమిషాలు ఆగి, అంచుల నుంచి చదునైన గంటెతో తియ్యాలె. నడుమ గెలికితే మెతుకు విరుగుతది.

ఆ ఏడు తెల్లారగట్ల నాలుగు నుంచి వాన. కట్టెలు తడిసినయి. గ్యాసు భట్టీ తెద్దాం మామా అన్నరు పూణె పిలగాండ్లు. తెచ్చిన్రు గూడ, వాళ్ళ డబ్బులతోనే. నీళ్ళు కాయడానికి దాన్ని పెట్టినం, అది దేవుడిచ్చిన సాయమే. భాత్ మాత్రం కట్టెల మీదనే. పంచాయితీ పెట్టుకున్నమని కాదు, మూత మీదికి నిప్పులు ఏడికెల్లి వస్తయి గ్యాసుల? పాత మగ్గాల విరిగిన చెక్కలు ఒక టవళ్ళ కార్ఖానా షెడ్డుల పడి ఉంటె, యజమానిని అడిగి రెండు బండ్లు తెచ్చినం. ఎండి ఎండి ఉన్న పాత కట్టె. నూనె జిడ్డు పట్టిన ముక్కలు పక్కకు పడేసినం, వాటి పొగ తిండికి పనికిరాదు. మిగిలినయి భగ్గున అంటుకున్నయి.

ఆరు గంటలకు వదిన వచ్చింది. కత్తిపీట సంకల పెట్టుకొని, వెనుక ఇద్దరు కోడండ్లు. కొంగుల కట్టుకొచ్చిన పిడికెడు బియ్యం పరమాన్నం గంపల పోసి, వంకాయల కాడ కూసున్నది. మోకాళ్ళ మాట నేను అడగలే, ఆమె చెప్పలే. బీడీ ఆకు కోసే చేతులు, ఆరు కిలోల వంకాయ ఎంతల్నో అయిపోయింది. పూణె పిలగాడు ఒకడు ఆలుగడ్డ పొట్టు మందంగ తీస్తుంటె, బిడ్డా, పొట్టుల సగం ఆలుగడ్డ పోతుంది, ఇటు తే అని వాని చేతిల కత్తి గుంజుకున్నది. వాడు కంపెనీల ఎంత మందికి పెద్దనో నాకు తెల్వది, ఆడ మాత్రం ఆమె ముందు కూసొని ఎల్లిపాయలు ఒలిసిండు.

పన్నెండున్నరకు నేను గేటు కాడికి పోయి చెప్పులు చూసిన. మనుషులను లెక్కబెడితే తిరుగుతుంటరు, తప్పుతది. చెప్పులు ఒక్కకాడ ఉంటయి. మూడు వందల జతలు దాటినయి, ఇంకా ఆటోలు దిగుతున్నయి. పోయినసారి రానోళ్ళు వచ్చిన్రు. నానబెట్టకుంట పక్కకు పెట్టిన ఎనిమిది కిలోల బియ్యం ఉండె. అందరికీ చెప్తున్న, ఎప్పుడైనా అయిదో వంతు బియ్యం అట్ల చేతిల ఉంచుకోవాలె. అయిన భాత్‌ల నీళ్ళు కలిపి పెంచరాదు, పప్పు కాదది. వెంటనే నానేసి, మిగిలిన కూరగాయలతోని మూడో పొయ్యి మీద చిన్న గంజు ఎక్కించినం. అది అయ్యేవరకు వడ్డించేటోళ్ళకు ఒక్కటే చెప్పిన, మొదటిసారి చిన్న గంటె వెయ్యుండ్రి, రెండోసారి అడిగినోళ్ళకు కడుపు నిండ వెయ్యుండ్రి. పచ్చిపులుసు, శేంగా చట్నీ ముందు పోనియ్యుండ్రి. ఎవ్వరూ ఖాళీ ఇస్తరి ముందు కూసోలే. ఆఖరి పంగతి లేచేసరికి మూడు దాటింది. వండినోళ్ళం అప్పుడు తిన్నం.

కేటరింగుకు ఇచ్చినా తప్పని నేనంట లేను. మా పొయ్యి కాడ నిలబడేటోళ్ళల్ల నేనే చిన్నోణ్ణి ఆ దినం, నాకు అరవై ఆరు. అందుకే పోయిన ఏడు నుంచి పూణె పిలగాండ్లనే పొయ్యి కాడ నిలబెడుతున్న. ఒకడు నీళ్ళ లెక్క ఫోన్ల రాసుకున్నడు. రాసుకో బిడ్డా, గాని నాలుక మీద వేసుకొని గూడ చూడు అన్న. మొదటి గంజు వాడే దించిండు, కొంచెం ముద్దైంది. కొత్త బియ్యం, చెంబు నీళ్ళు తగ్గించలే. వదిన తిని, మెత్తగ మంచిగున్నది, నాకు పండ్లు లేవు అన్నది.

గంజులు కడిగే ముందు అడుగంటిన మాడు కోసం పిల్లలు గిన్నెలు పట్టుకొని వస్తరు. గట్టి గంటెతో గోకి, మీద ఇంత నెయ్యి వేసి ఇస్తం. నల్లగైన ముక్క ఏరెయ్యాలె, ఎర్రగున్నది మాత్రమే. గంజులు కిరాయికి తెచ్చినోళ్ళు ఒకటి చూసుకోండ్రి: బూడిద, చింతపండుతోని అదే సాయంత్రం తోమి ఇస్తే మళ్ళా ఏడు అడగకుంటనే ఇస్తరు. ఈ ఏటికి వంకాయ గంజుకు కిలో తగ్గించి దొండకాయ పెంచుమని వదిన చెప్పింది. లెక్క అట్ల మార్చుకోండ్రి.